జర్నలిజం డిపార్ట్‌మెంట్‌లో ఒక్క ప్రొఫెసర్ రిటైర్ అయితే ఏమవుతుంది? వర్సిటీ ఫ్యాకల్టీ వార్తల వెనుక అసలు లెక్క ఇదీ!

‘యూనివర్సిటీ జర్నలిజం విభాగానికి కొత్త హెచ్‌వోడీ’.. ‘సీనియర్ ప్రొఫెసర్‌కు ఘనంగా వీడ్కోలు’.. ‘గెస్ట్ ఫ్యాకల్టీకి దరఖాస్తుల ఆహ్వానం’.. ఫోన్‌లో స్క్రోల్ చేస్తుంటే ఇలాంటి రెండు మూడు లైన్ల వార్తలు కనిపిస్తూనే ఉంటాయి. పక్కన శాలువా, బొకేతో ఒక ఫొటో. చాలామంది చూసి దాటేస్తారు. కానీ అదే విభాగంలో పీజీ సీటు కోసం చూస్తున్న విద్యార్థికి, పీహెచ్‌డీ గైడ్ కోసం తిరుగుతున్న స్కాలర్‌కు ఆ రెండు లైన్లే కీలకం. వచ్చే మూడేళ్లు తన క్లాసులు ఎవరు చెబుతారు, స్టూడియో తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నది అందులోనే ఉంటుంది.

కారణం సింపుల్. వర్సిటీల్లో మీడియా విభాగాలు చాలా చిన్నవి. ఇంజినీరింగ్ కాలేజీలో ఒకరు వెళ్లిపోతే ఇంకొకరు సర్దుకుంటారు. జర్నలిజంలో ఒకరు వెళ్తే ఒక సబ్జెక్టే వెళ్లిపోతుంది.

ఏడుగురి డిపార్ట్‌మెంట్

యూజీసీ లెక్కల్లో ఒక పీజీ విభాగానికి చాలాకాలంగా వాడుకలో ఉన్న నమూనా 1-2-4. అంటే ఒక ప్రొఫెసర్, ఇద్దరు అసోసియేట్ ప్రొఫెసర్లు, నలుగురు అసిస్టెంట్ ప్రొఫెసర్లు. మొత్తం ఏడుగురు. అన్ని వర్సిటీల్లో ఇంతే ఉంటారని కాదు. కొన్నిచోట్ల ఎక్కువ, చాలాచోట్ల తక్కువ. లెక్క అర్థం కావడానికి ఈ ఏడుగురినే తీసుకుందాం.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ 14 గంటల చొప్పున నేరుగా పాఠం చెప్పాలి. ఏడుగురూ ఉంటే వారానికి 106 గంటలు. ఇప్పుడు ప్రొఫెసర్, ఇద్దరు అసిస్టెంట్లు మాత్రమే మిగిలారనుకోండి. చేతిలో ఉన్నది 46 గంటలే. సగం కూడా లేదు. సిలబస్ మాత్రం అంతే ఉంటుంది. రిపోర్టింగ్, ఎడిటింగ్, మీడియా చట్టాలు, కమ్యూనికేషన్ సిద్ధాంతాలు, రేడియో, టీవీ, డిజిటల్, రీసెర్చ్ పద్ధతులు.. అన్నీ చెప్పాల్సిందే.

పైగా ఈ కోర్సులో ప్రాక్టికల్స్ ఎక్కువ. క్రెడిట్ విధానంలో థియరీకి గంటకు ఒక క్రెడిట్ అయితే, ప్రాక్టికల్‌కు రెండు గంటలు చేయిస్తేనే ఒక క్రెడిట్. కెమెరా పట్టుకోవడం 40 మందికి ఒకేసారి నేర్పడం కుదరదు, బ్యాచ్‌లు చేయాలి. బ్యాచ్‌లు చేయాలంటే మనుషులు కావాలి. మనుషులు లేనప్పుడు ముందు పోయేది ప్రాక్టికలే. టైం టేబుల్‌లో ‘ల్యాబ్’ అని ఉంటుంది. క్లాసులో మాత్రం పీపీటీ నడుస్తుంది.

1954 నుంచి ఇదే కథ

మన దేశంలో వర్సిటీ స్థాయిలో జర్నలిజం కోర్సు నిలదొక్కుకున్నది 1941లో, లాహోర్‌లోని పంజాబ్ యూనివర్సిటీలో. దేశ విభజన తర్వాత ఆ విభాగం ఢిల్లీకి, అక్కడి నుంచి చండీగఢ్‌కు చేరింది. తెలుగు నేల మీద ఆ పని మొదలుపెట్టింది ఉస్మానియా యూనివర్సిటీ. 1954లో అమెరికన్ ప్రొఫెసర్ డీఫారెస్ట్ ఓడెల్ ఆధ్వర్యంలో జర్నలిజం విభాగం ప్రారంభమైంది. హైదరాబాద్ పత్రికల్లో, తర్వాత టీవీ ఛానెళ్లలో కనిపించిన ఎంతోమంది ఆ క్లాసుల్లోంచి వచ్చినవాళ్లే.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు పేరిట ఉన్న స్కూల్‌లో కమ్యూనికేషన్ విభాగం నడుస్తోంది. ఆ స్కూల్ మొదట నడిచింది ఆబిడ్స్‌లోని సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లోనే. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంలో మాస్ కమ్యూనికేషన్ చెబుతోంది. తెలుగు విశ్వవిద్యాలయంలోనూ జర్నలిజం కోర్సు ఉంది. తెలంగాణలో ఆ వర్సిటీకి 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. ఆయన గోలకొండ పత్రిక సంపాదకుడు కదా.. జర్నలిజం విద్యార్థులకు ఆ పేరు కాస్త దగ్గరగానే అనిపిస్తుంది. ఆంధ్రా యూనివర్సిటీ సహా ఏపీలోని పలు వర్సిటీల్లోనూ ఈ విభాగాలున్నాయి.

ఒకప్పుడు ఈ కోర్సుకు టైప్‌రైటర్లు, నల్లబల్ల, నాలుగు పత్రికలు ఉంటే సరిపోయేది. ఇప్పుడు స్టూడియో, ఎడిట్ సూట్, రేడియో స్టేషన్, డేటా జర్నలిజం, ఏఐ.. అన్నీ కావాలి. పని ఇన్ని రెట్లు పెరిగినా చాలాచోట్ల మంజూరైన పోస్టుల సంఖ్య ఆ వేగంతో పెరగలేదు.

పేరు ముందు ఏముందో చూడాలి

‘విభాగంలో కొత్తగా నలుగురు ఫ్యాకల్టీ చేరారు’ అని వార్త వచ్చిందనుకోండి. సంతోషించే ముందు ఒక్క మాట చూసుకోవాలి. వాళ్లు రెగ్యులరా, కాంట్రాక్టా, గెస్టా? క్యాంపస్‌లో అందరినీ ‘సార్’, ‘మేడమ్’ అనే పిలుస్తారు. కాగితం మీద మాత్రం తేడా భూమ్యాకాశాలంత.

రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీజీలో 55 శాతం మార్కులు, దాంతోపాటు నెట్ లేదా రాష్ట్ర సెట్ ఉండాలి. రిజర్వుడ్ వర్గాలకు, దివ్యాంగులకు మార్కుల్లో 5 శాతం సడలింపు ఉంది. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. నెట్‌లో ‘మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం’ సబ్జెక్టు కోడ్ 63. సెలక్షన్ కమిటీకి వీసీ అధ్యక్షుడు. సబ్జెక్టు నిపుణులు ముగ్గురు ఉండాలి. ఏడో వేతన సంఘం స్కేలులో మూల వేతనమే నెలకు రూ.57,700తో మొదలవుతుంది, డీఏ, హెచ్‌ఆర్ఏ అదనం. అసోసియేట్ ప్రొఫెసర్‌కు రూ.1,31,400, ప్రొఫెసర్‌కు రూ.1,44,200 నుంచి ప్రారంభం.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఇరవై ఏళ్లు బ్యూరో చీఫ్‌గా చేసినా, ఆ అనుభవం నెట్‌కు బదులుగా పనికిరాదు. రిపోర్టింగ్ క్లాసు చెప్పడానికి రిపోర్టింగ్ చేసి ఉండాల్సిన పని లేదు, కోడ్ 63 పాసైతే చాలు!

ఆ లోటు పూడ్చడానికే యూజీసీ 2022లో ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ అనే దారి తెరిచింది. తన రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం ఉంటే చాలు, పీహెచ్‌డీ అడగరు. ఇప్పటికే టీచింగ్‌లో ఉన్నవాళ్లకు, టీచింగ్ నుంచి రిటైరైనవాళ్లకు ఇది వర్తించదు. మొదట ఏడాదికి తీసుకుంటారు, మొత్తం కలిపి నాలుగేళ్లు దాటకూడదు. వర్సిటీలో మంజూరైన పోస్టుల్లో 10 శాతం వరకే ఇలాంటివాళ్లు ఉండాలి. మీడియా విభాగాలకు ఇది బాగా పనికొచ్చే ఏర్పాటే. అయితే రెగ్యులర్ ఖాళీని ఇది భర్తీ చేయదు. ‘పేరున్న ఎడిటర్ మా విభాగంలో చేరారు’ అన్న వార్త చూసి ఖాళీలు నిండాయనుకోకూడదు.

గెస్ట్ ఫ్యాకల్టీ సంగతి వేరు. 2019లో యూజీసీ క్లాసుకు రూ.1,500, నెలకు గరిష్ఠంగా రూ.50,000 అని చెప్పింది. క్లాసు ఉంటేనే డబ్బు. వేసవి సెలవుల్లో క్లాసులు ఉండవు, పండగ సెలవుల్లో ఉండవు, పరీక్షల నెలలో ఉండవు. ఏడాది మొత్తం మీద చూస్తే చేతికొచ్చేది ఎంతో విడిగా చెప్పక్కర్లేదు.

కాంట్రాక్ట్ సార్ల కష్టం

అన్నిటికన్నా చిక్కుగా ఉన్నది మధ్యలో ఉన్నవాళ్ల పరిస్థితి. కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్లు. మొత్తం పోస్టుల్లో కాంట్రాక్ట్ నియామకాలు 10 శాతం మించరాదని యూజీసీ నిబంధన చెబుతోంది. తెలుగు రాష్ట్రాల వర్సిటీల్లో ఏళ్ల తరబడి క్లాసులు నడిపిస్తున్నది మాత్రం వీళ్లే. రెగ్యులర్ సార్‌తో సమానంగా పాఠం చెబుతారు, పేపర్లు దిద్దుతారు, అడ్మిషన్ల డ్యూటీ చేస్తారు. జీతం చీటీ దగ్గరే తేడా.

2023లో తెలంగాణ ప్రభుత్వం 5,544 మంది కాంట్రాక్ట్ ఉద్యోగులను రెగ్యులర్ చేసింది. వాళ్లలో జూనియర్ లెక్చరర్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వర్సిటీ కాంట్రాక్ట్ టీచర్లకు ఆ అవకాశం రాలేదు. 2025 ఏప్రిల్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ల నియామక మార్గదర్శకాలతో జీవో 21 వచ్చింది. ముందు తమను రెగ్యులర్ చేయండి, ఆ జీవో రద్దు చేయండి అంటూ కాంట్రాక్ట్ అధ్యాపకులు సమ్మెకు దిగారు. వాళ్ల భయంలో అర్థముంది. కొత్తగా రెగ్యులర్ పోస్టు నిండితే, ఆ పోస్టు మీద ఇన్నాళ్లూ పనిచేసిన మనిషి ఎక్కడికి పోవాలి? మరోవైపు నెట్, పీహెచ్‌డీ చేతిలో పెట్టుకుని నోటిఫికేషన్ కోసం ఏళ్లుగా చూస్తున్న నిరుద్యోగులున్నారు. వాళ్లదీ న్యాయమే. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టింది మాత్రం సకాలంలో జరగని నియామకాలే.

కోర్టుల మాట కూడా రెండు వైపులా ఉంది. కాంట్రాక్ట్ మీద చేరినంత మాత్రాన రెగ్యులరైజేషన్ హక్కు రాదని సుప్రీంకోర్టు 2006లో ఉమాదేవి కేసులో చెప్పింది. 2025 ఆగస్టులో గుజరాత్ ప్రభుత్వ కాలేజీల కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో మాత్రం, సమాన పనికి సమాన వేతనం సూత్రంతో రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ల కనీస స్కేలు ఇవ్వాలని ఆదేశించింది. వాళ్లకు అప్పటిదాకా ఇస్తున్నది నెలకు రూ.30,000. అంటే కోర్టు దృష్టిలో పోస్టు పర్మినెంట్ కావడం వేరు, చేసిన పనికి తగిన జీతం వేరు.

వీడ్కోలు సభ జరిగిందంటే.. గైడ్ పోయినట్టే

పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఏకకాలంలో 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి గైడ్‌గా ఉండొచ్చు. 1-2-4 విభాగం నిండుగా ఉంటే గరిష్ఠంగా 36 మంది స్కాలర్లు. ఒక్క ప్రొఫెసర్ వెళ్లిపోయి ఆ పోస్టు ఖాళీగా ఉంటే 8 సీట్లు ఎగిరిపోయి 28 మిగులుతాయి.

అసలు మెలిక ఇంకోటి ఉంది. గైడ్ కావాలంటే పర్మినెంట్ ఫ్యాకల్టీ అయి ఉండాలి. కాంట్రాక్ట్, గెస్ట్, ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్.. వీళ్లెవరూ గైడ్‌లు కాలేరు. కొత్తగా చేరిన రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ కూడా వెంటనే కాలేరు. సొంత పీహెచ్‌డీ, ఐదేళ్ల బోధన లేదా పరిశోధన అనుభవం, కనీసం మూడు పరిశోధనా పత్రాలు ఉండాలి. కాబట్టి క్లాసులన్నీ సజావుగా నడుస్తున్న విభాగంలో కూడా పీహెచ్‌డీ సీట్లు సున్నా కావచ్చు. నోటిఫికేషన్‌లో ‘జర్నలిజం: నిల్’ అని ఎందుకు వచ్చిందో చాలామందికి అర్థం కానిది ఇందుకే.

రిటైర్మెంట్‌కు మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. పాత స్కాలర్లకు మాత్రం రిటైరయ్యాక కూడా కో-గైడ్‌గా కొనసాగొచ్చు, అదీ 70 ఏళ్లు వచ్చేవరకే. మరి రిటైర్మెంట్ ఎప్పుడు? సెంట్రల్ వర్సిటీల్లో 65 ఏళ్లకు. తెలంగాణ రాష్ట్ర వర్సిటీల అధ్యాపకులకు 60 ఏళ్లు ఉండేది, 2025 జనవరి చివర్లో ప్రభుత్వం 65కు పెంచింది. ఆ ఒక్క నిర్ణయంతో గైడ్‌ల లెక్క మారిపోయింది. 58 ఏళ్ల ప్రొఫెసర్‌కు అంతకుముందు రోజు వరకు కొత్త స్కాలర్‌ను తీసుకునే వీలు లేదు. జీవో తర్వాత ఆయన చేతిలో ఏడేళ్ల సర్వీసు ఉంది. స్కాలర్లకు ఇది ఊరట. ఉద్యోగం కోసం చూస్తున్న యువతకు మాత్రం ఖాళీ మరో ఐదేళ్లు వెనక్కి జరిగినట్టే.

చిన్న విభాగంలో రిజర్వేషన్ ఎలా?

కొన్నేళ్ల కిందట దేశమంతా ‘13 పాయింట్ల రోస్టర్’ మీద ఆందోళనలు జరిగాయి, గుర్తుందా? అది అందరికన్నా ఎక్కువగా తాకింది జర్నలిజం లాంటి చిన్న విభాగాలనే. రిజర్వేషన్‌కు వర్సిటీ మొత్తాన్ని కాకుండా ఒక్కో విభాగాన్ని యూనిట్‌గా తీసుకోవాలని 2017లో అలహాబాద్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. దాన్ని అనుసరించి 2018 మార్చిలో యూజీసీ సర్క్యులర్ ఇచ్చింది.

ఆ రోస్టర్‌లో నాలుగో పోస్టు ఓబీసీకి, ఏడోది ఎస్సీకి, పద్నాలుగోది ఎస్టీకి. పైగా ఒక్కో కేడర్‌కు లెక్క విడివిడిగా. మన ఏడుగురి విభాగంలోనే చూడండి. ప్రొఫెసర్ పోస్టు ఒక్కటే, రిజర్వేషన్ లేదు. అసోసియేట్ రెండు, అక్కడా లేదు. అసిస్టెంట్ నాలుగు, వాటిలో నాలుగోది ఓబీసీకి. మొదటి విడత నియామకాల్లో ఎస్సీ, ఎస్టీలకు మొత్తం ఏడింటిలో ఒక్కటీ రాదు!

నిరసనల తర్వాత 2019 మార్చిలో కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది, అదే ఏడాది పార్లమెంటు చట్టం చేసింది. కేంద్ర విద్యాసంస్థల్లో మళ్లీ వర్సిటీ మొత్తం ఒకే యూనిట్ అయింది. అన్ని విభాగాల అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులనూ ఒక్కచోట చేర్చి ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం లెక్క వేస్తారు. ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం. రాష్ట్ర వర్సిటీలకు ఆయా ప్రభుత్వాల సొంత రోస్టర్లున్నాయి. న్యూస్‌రూమ్‌లలో ఏ వర్గాలవాళ్లు కనిపిస్తారు, ఎవరు కనిపించరు అన్న చర్చ ఎప్పుడూ ఉండేదే. పాఠం చెప్పే గదిలో ఎవరున్నారన్నది ఆ చర్చకు చాలా ముందే మొదలవుతుంది.

హెచ్‌వోడీ మారితే?

నిజానికి ఈ వార్తల్లో ఎక్కువ హడావుడి, తక్కువ విషయం ఉండేది ఇక్కడే. చాలా వర్సిటీల్లో హెచ్‌వోడీ పదవి వంతులవారీగా తిరుగుతుంది. అది ప్రమోషన్ కాదు. రెండు మూడేళ్లు ఆఫీసు ఫైళ్లు, టైం టేబుల్, సంతకాలు మోసే బాధ్యత. ఉస్మానియా లాంటి చోట్ల బోర్డ్ ఆఫ్ స్టడీస్ చైర్‌పర్సన్ వేరుగా ఉంటారు. సిలబస్‌లో ఏం చేర్చాలి, ఏం తీసేయాలి అన్నది ఆ బోర్డులో తేలుతుంది. కోర్సులోకి డిజిటల్ పాఠాలు వస్తాయా అని తెలుసుకోవాలంటే హెచ్‌వోడీ ఫొటో కన్నా ఆ రెండో పేరు మీద కన్నేయాలి.

కెమెరా అసిస్టెంట్ రిటైర్ అయితే వార్త రాదు

ప్రొఫెసర్ వీడ్కోలుకు వార్త వస్తుంది. స్టూడియో టెక్నీషియన్, కెమెరామన్, సౌండ్ రికార్డిస్ట్ వెళ్లిపోతే రాదు. విద్యార్థికి నష్టం మాత్రం రెండోదానితోనే ముందు తెలుస్తుంది.

వర్సిటీల్లో వీడియో స్టూడియోలకు పెద్ద చరిత్రే ఉంది. 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో యూజీసీ ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ మొదలైంది. ఆ పాఠాలు తీయడానికి దేశంలో పలు వర్సిటీల్లో మీడియా సెంటర్లు పెట్టారు. హైదరాబాద్‌లో ఇఫ్లూలో అలాంటి కేంద్రం ఉంది. ఉర్దూ యూనివర్సిటీకి సొంత ఇన్‌స్ట్రక్షనల్ మీడియా సెంటర్ ఉంది. హెచ్‌సీయూలో ‘బోల్ హైదరాబాద్’ 90.4 ఎఫ్‌ఎం క్యాంపస్ రేడియో నడుస్తోంది. అదే వర్సిటీలో 2011 నుంచి కమ్యూనిటీ మీడియాపై యునెస్కో చైర్ కూడా ఉంది.

రేడియో స్టేషన్‌కు లైసెన్స్ ఉంటే చాలదు. కమ్యూనిటీ రేడియో కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగానే తయారవ్వాలని నిబంధన. అంటే రోజూ ఎవరో ఒకరు మైకు సరిచూడాలి, రికార్డ్ చేయాలి, ఎడిట్ చేయాలి. విద్యార్థులు చేస్తారు, నిజమే. కానీ బ్యాచ్ రెండేళ్లలో వెళ్లిపోతుంది. మిక్సర్ ఎక్కడ మొరాయిస్తుందో, ఏ కేబుల్ లూజో తెలిసిన పాత టెక్నీషియన్ ఒక్కడే అక్కడ శాశ్వతం. ఆయన పోస్టు ఔట్‌సోర్సింగ్‌కు మారిందంటే, లేదా అసలు రద్దయిందంటే, లక్షలు పోసి కొన్న పరికరాల మీద కవర్లు కప్పి తాళం వేసే రోజు దగ్గర్లోనే ఉంటుంది.

అడ్మిషన్‌కు ముందు చెక్ చేసుకోండిలా

వర్సిటీ వెబ్‌సైట్‌లో ఫ్యాకల్టీ పేజీ తెరవండి. పేర్లు లెక్కపెట్టడం కాదు, ప్రతి పేరు కింద హోదా చదవండి. ఎందరు రెగ్యులర్, ఎందరు కాంట్రాక్ట్? రిటైరైనవాళ్ల ఫొటోలు ఏళ్ల తరబడి అలాగే ఉంచే వెబ్‌సైట్లు కూడా ఉంటాయి, జాగ్రత్త. సీనియర్లకు ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి. గత సెమిస్టర్‌లో కెమెరా ఎన్నిసార్లు చేతికిచ్చారు? రేడియో, వీడియో క్లాసు ఎవరు చెప్పారు?

అక్కడా జవాబు దొరక్కపోతే ఆర్టీఐ ఉంది. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4 ప్రకారం అధికారులు, ఉద్యోగుల పేర్లు, వాళ్ల నెల జీతాలు అడగకముందే వర్సిటీ బయటపెట్టాలి. మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, స్టూడియోలో టెక్నికల్ స్టాఫ్ ఎందరు అన్నది సెంట్రల్ వర్సిటీకైతే రూ.10 ఫీజుతో దరఖాస్తు పెట్టి అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడ్మిషన్ కౌన్సెలింగ్‌కు కనీసం నెలన్నర ముందే పెడితే, ఫీజు కట్టేలోపు ఆ కాగితం మీ చేతికి వస్తుంది.